ఉత్తరాయణం, దక్షిణాయనం, అయనావరణం

ఈ వారం చరిత్ర ప్రసంగంలో రాజుల గురించీ, యుద్ధాల గురించీ కాకుండా ఆకాశం గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఆకాశానికి చరిత్రేమిటి అంటారా? ఆకాశం సంగతి ఎలా ఉన్నా, దాన్ని ఓపిగ్గా కొలిచినవాళ్ళకి మాత్రం చరిత్ర ఉంది. వాళ్ళలో మన వాల్తేరు వాళ్ళూ ఉన్నారు. ఆ సంగతి మన పిల్లలకి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ చిన్న ప్రయత్నం. నేను శాస్త్రవేత్తని కాదు, ఐటీ కన్సల్టెంట్‌ని. మాస్టర్స్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ చదివిన పుణ్యాన ఈ విషయం మీద మక్కువ పట్టుకుంది. లెక్కలు తగ్గించి కథ ఎక్కువ చెబుతాను, భయపడకండి.

మీలో అరవై దాటినవాళ్ళకి షార్ట్‌వేవ్ రేడియో గుర్తుండే ఉంటుంది. రేడియో సిలోన్ పేరు 1967లో మారినా మనవాళ్ళకి అది రేడియో సిలోనే. సముద్రం అవతలి నుంచి తెలుగు పాట వచ్చేది. పల్లవి స్పష్టంగా వినబడేది, చరణం వచ్చేసరికి హోరులో మునిగిపోయేది, మళ్ళీ తేలేది. ఆకాశవాణి విదేశీ విభాగం కూడా ఆగ్నేయాసియాలోని తెలుగువాళ్ళ కోసం షార్ట్‌వేవ్‌లో తెలుగు కార్యక్రమాలు ప్రసారం చేసేది. మా నాన్నగారు ఈ షార్ట్‌వేవ్ పిచ్చి ఉన్న మనిషి. కార్తీకం వచ్చేసరికి "స్టేషన్ జరిగింది, ముల్లు తిప్పాలి" అనేవారు. నిజంగానే స్టేషన్ జరిగేది. ప్రపంచంలోని షార్ట్‌వేవ్ స్టేషన్లు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం, తమ ఫ్రీక్వెన్సీల పట్టిక మార్చుకుంటాయి. ఇది ఈనాటికీ ఉన్న ఆనవాయితీ. ఆ మార్పుకి ముఖ్య కారణం పైన ఆకాశంలో రుతువు మారడమే.

ఇక అసలు విషయానికొద్దాం. నేలకి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా గాలి చాలా పల్చగా ఉంటుంది. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలూ, ఎక్స్‌ కిరణాలూ ఆ గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి. అలా విడిపడ్డ ఎలక్ట్రాన్లు, అయాన్లు కలిసి తిరిగే ప్రాంతమే అయనోస్ఫియర్. తెలుగులో అయనావరణం అంటారు. ఇందులో ఒక ముచ్చట ఉంది. అయాన్ అన్న మాటని 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చాడు. గ్రీకులో దాని అర్థం "వెళ్ళేది" అని. మన ఉత్తరాయణం, దక్షిణాయనంలో ఉన్న "అయనం" కూడా వెళ్ళడమే. రెండు మాటలకీ మూలధాతువు ఒక్కటేనని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. సూర్యుడి అయనాన్ని బట్టి మారే పొరకి అయనావరణం అన్న పేరు ఎంత చక్కగా కుదిరిందో చూశారా!

ఈ పొర ఉందని మనిషికి ఎప్పుడు తెలిసింది? 1901 డిసెంబరు 12న మార్కోనీ ఇంగ్లండులోని పోల్డు నుంచి పంపిన రేడియో సంకేతాన్ని అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్లాండ్‌లో విన్నానని ప్రకటించాడు. మధ్యలో సుమారు 3,500 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రంగా ఉంది, రేడియో తరంగం తిన్నగా పోతుంది. మరి సముద్రపు వంపు మీదుగా ఎలా వచ్చింది? మరుసటి ఏడాదే, 1902లో, ఇద్దరు విడివిడిగా ఒకే జవాబు చెప్పారు. పైన విద్యుత్తుని ప్రసరింపజేసే పొర ఏదో ఉంది, తరంగం దానికి తగిలి కిందికి వంగుతోంది అని. ఒకాయన ఇంగ్లండులోని ఆలివర్ హెవీసైడ్. రెండో ఆయన అమెరికాలోని ఆర్థర్ కెన్నెలీ. ఈ కెన్నెలీ పుట్టింది మన బొంబాయి కొలాబాలో. అదే ఏడాది మార్కోనీ ఓడ మీద ప్రయాణం చేస్తూ, పగలు సుమారు 1,100 కిలోమీటర్లకే ఆగిపోయిన సంకేతం రాత్రిపూట మూడు వేల కిలోమీటర్లు దాటి వినబడుతోందని గమనించాడు. పగటికీ రాత్రికీ తేడా ఉందని అప్పుడే తేలిపోయింది. కాలానికీ కాలానికీ తేడా ఉందని తేలడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్, ఆయన విద్యార్థి మైల్స్ బార్నెట్ కలిసి ఒక ప్రయోగం చేశారు. బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ నుంచి తరంగాలు పంపి, ఆక్స్‌ఫర్డ్‌లో పట్టుకుని, ఆ పొర ఎత్తు సుమారు వంద కిలోమీటర్లని లెక్కగట్టారు. ఆ తర్వాత దాని పైన ఇంకో పొర కూడా బయటపడింది. మరుసటి ఏడాది అమెరికాలో బ్రైట్, ట్యూవ్ అనే ఇద్దరు తరంగాన్ని చిన్నచిన్న తునకలుగా పైకి పంపి ప్రతిధ్వని వినే పద్ధతి కనిపెట్టారు. బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి పెట్టి లోతు అంచనా కడతామే, అలాంటిదే ఇదీ. ఆ పద్ధతి నుంచే అయనోసోండ్ అనే పరికరం వచ్చింది. ఒక్కో ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ తరంగాన్ని నిటారుగా పైకి పంపుతారు. ఎక్కడో ఒకచోట ప్రతిధ్వని ఆగిపోయి తరంగం పొరని చీల్చుకుని వెళ్ళిపోతుంది. ఆ ఫ్రీక్వెన్సీని బట్టి అత్యధిక సాంద్రత తెలుస్తుంది. ఉదాహరణకి 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగితే, ఘన సెంటీమీటరుకి పన్నెండు లక్షల పైచిలుకు ఎలక్ట్రాన్లు ఉన్నట్టు లెక్క. మన దేశంలో ఆకాశవాణి పరిశోధన విభాగమే ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, తిరుచిరాపల్లిల్లో ఈ పరికరాలు నడిపింది. పాటలు వినిపించే సంస్థే ఆకాశాన్ని కూడా వినేదన్నమాట.

ఈ కొలతలు కొన్నేళ్ళు పోగయ్యాక 1930లలో ఒక చిక్కు వచ్చిపడింది. ఎండ ఎక్కువుంటే ఎలక్ట్రాన్లు ఎక్కువుండాలి కదా? వేసవి మధ్యాహ్నం ఎక్కువ, చలికాలం మధ్యాహ్నం తక్కువ ఉండాలి. కింది పొర బుద్ధిగా అలాగే ఉంది. పైనున్న ఎఫ్‌-2 పొర మాత్రం యూరప్, ఉత్తర అమెరికా అక్షాంశాల్లో తలకిందులుగా ఉంది. డిసెంబరు మధ్యాహ్నం ఎలక్ట్రాన్ల సాంద్రత జూన్ మధ్యాహ్నం కంటే ఎక్కువ! సూర్యుడి మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడింది. దీనికి "శీతకాల వైపరీత్యం" అని పేరు పెట్టారు. వైపరీత్యం అంటే ప్రమాదమని కాదు, లెక్కకి అందని తేడా అని. ఆ పొర రాత్రిపూట మాత్రం చలికాలంలో పల్చబడుతుంది. అందుకే షార్ట్‌వేవ్ స్టేషన్లు చలికాలం పగలు ఎక్కువ ఫ్రీక్వెన్సీకీ, రాత్రి తక్కువ ఫ్రీక్వెన్సీకీ దిగవలసి వచ్చేది. నాన్నగారి ముల్లు జరగడం వెనక ఉన్నది ఈ వైపరీత్యమే.

ఇది ఎందుకలా ఉందో చెప్పడానికి చాలామంది ప్రయత్నించారు. వేసవిలో వేడికి పొర ఉబ్బి పల్చబడుతుందని మొదట్లో అనుకున్నారు. సరైన దారి 1961లో దొరికింది. బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ రిష్‌బెత్, మన భారతీయ శాస్త్రవేత్త సి.ఎస్.జి.కె. శెట్టి కలిసి రాసిన పరిశోధన పత్రంలో గాలి కూర్పు మారడం వల్లే ఇలా జరుగుతోందని సూచించారు. కొంచెం విడమరిచి చెబుతాను. ఆ ఎత్తున ఎలక్ట్రాన్లు పుట్టేది ముఖ్యంగా ఒంటరి ఆక్సిజన్ పరమాణువుల నుంచి. వాటిని మింగేసే పనికి తోడ్పడేది నైట్రోజన్ అణువులు. ఒకటి ఆదాయం, ఇంకోటి ఖర్చు. వేసవి ఉన్న అర్ధగోళంలో గాలి వేడెక్కి పైకి లేస్తుంది, కింద ఉన్న బరువైన నైట్రోజన్‌ని వెంటబెట్టుకుపోతుంది. ఖర్చు పెరుగుతుంది. ఆ గాలి పైపైన చలికాలపు అర్ధగోళం వైపు ప్రయాణించి అక్కడ కిందికి దిగుతుంది. అక్కడ ఆక్సిజన్ వాటా పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఎండ తక్కువైనా నిల్వ ఎక్కువ! జీతం ఎక్కువొచ్చే నెలలో చేతిలో డబ్బు ఎక్కువ మిగలాలని లేదు కదా. ఎంత వచ్చింది, ఎంత పోయింది, రెండూ చూడాలి. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన లెక్కే ఇది.

ఇంతవరకూ చెప్పింది సమశీతోష్ణ దేశాల సంగతి. మనవైపు కథ వేరు. 1946లో ఆపిల్టన్ ఇంకో వింత బయటపెట్టాడు. సూర్యుడు నడినెత్తిన ఉండే భూమధ్యరేఖ ప్రాంతంలో ఎలక్ట్రాన్లు అత్యధికంగా ఉండాల్సింది పోయి, అక్కడ పల్లం, దానికి అటూ ఇటూ రెండు గుట్టలు ఉన్నాయి. ఆ పల్లం ఉన్నది భూగోళ మధ్యరేఖ మీద కాదు, అయస్కాంత మధ్యరేఖ మీద. అదే ఏడాది కలకత్తాలో ఆచార్య శిశిర్ కుమార్ మిత్రా ఈ విషయం మీద రాస్తూ, ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత రేఖల వెంట జారి దూరంగా పోతుండవచ్చునని వివరణ ఇచ్చారు. తర్వాత పరిశోధనల్లో అది ఫౌంటెన్ లాంటిదని తేలింది. పగటి విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లని మధ్యరేఖ దగ్గర కొన్ని వందల కిలోమీటర్లు పైకెత్తుతుంది. అక్కణ్ణించి అవి అయస్కాంత రేఖలు పట్టుకుని రెండు వైపులా జారి, చెరో పదిహేను డిగ్రీల దూరంలో కుప్పపడతాయి. మన దేశంలో అయస్కాంత మధ్యరేఖ దక్షిణపు కొసలో తిరువనంతపురం పక్కనుంచి పోతుంది. 1963 నవంబరు 21న తొలి రాకెట్ ఎగిరిన తుంబాని ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే. ఉత్తరపు గుట్ట అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతాల మీదుగా ఉంటుంది. మరి మన తెలుగునేల ఎక్కడుంది? సరిగ్గా పల్లానికీ గుట్టకీ మధ్య వాలు మీద! ఫౌంటెన్ బలంగా ఉన్న రోజున గుట్ట ఉత్తరానికి జరుగుతుంది, నీరసంగా ఉన్న రోజున దక్షిణానికి వెనక్కొస్తుంది. అంటే విశాఖపట్నంలో కూర్చున్నవాడికి నిన్నటి ఆకాశం ఇవాళ ఉండదు.

ఇక్కడ వాల్తేరు కథలోకి వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య బి. రామచంద్రరావు గారు అయనావరణ పరిశోధనకి గట్టి పునాది వేశారు. ఆయన తర్వాతి తరాలు ఆ పని వదలకుండా కొనసాగించాయి. అయితే అయనోసోండ్‌తో ఒక ఇబ్బంది ఉంది. అది కింద నుంచి చూస్తుంది కనక, సాంద్రత శిఖరం వరకే కనబడుతుంది. మొత్తం ఎలక్ట్రాన్లలో సుమారు మూడింట రెండు వంతులు ఆ శిఖరానికి పైనే ఉంటాయి. కింద నుంచి పై దాకా నిలువునా ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో లెక్కబెట్టాలంటే పై నుంచి కిందికి తరంగం రావాలి. 1950లలో చంద్రుడికి రాడార్ తరంగాలు కొట్టి ప్రతిధ్వని పట్టుకునే ప్రయత్నాలు జరిగాయి. 1957లో స్పుత్నిక్ ఎగిరాక పని సులువైంది. కానీ అలాంటి ఉపగ్రహం కాసేపు కనబడి వెళ్ళిపోతుంది. రోజంతా, ఏడాదంతా ఒకేచోట నిలబడి పలికే ఉపగ్రహం కావాలి.

అది 1975లో దొరికింది, మనందరికీ తెలిసిన పేరుతోనే. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా జరిగిన సైట్ కార్యక్రమం గురించి పెద్దవాళ్ళు వినే ఉంటారు. అమెరికా వాళ్ళ ఏటీఎస్‌-6 ఉపగ్రహాన్ని మనకి కనబడే చోటికి జరిపి, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ళ గూళ్ళకి వాడే వల లాంటి తీగలతో చేసిన పది అడుగుల యాంటెన్నా, ఊరంతటికీ ఒక టీవీ, సాయంత్రం తెలుగు కార్యక్రమాలు. ఆ ఉపగ్రహంలోనే ఒక రేడియో దీపం లాంటి పరికరం ఉంది. అది 140 మెగాహెర్ట్జ్‌తో పాటు మరికొన్ని ఫ్రీక్వెన్సీల మీద నిరంతరం ఒకే రాగం తీసేది. ఆ తరంగం ఎలక్ట్రాన్లలోంచి దిగి వచ్చేటప్పుడు దాని కంపన దిశ మెలితిరుగుతుంది. ఎంత తిరిగిందో చూస్తే దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు తగిలాయో తెలుస్తుంది. ఈ మెలికకీ ఫారడే పేరే.

ఒక పక్క పల్లెల్లో అరుగుల మీద జనం టీవీ చూస్తుంటే, ఇంకో పక్క తిరువనంతపురం, ఊటీ, అహ్మదాబాద్ లాంటి చోట్ల శాస్త్రవేత్తలు అదే ఉపగ్రహం మెలికలు కొలుస్తున్నారు. ఏడాది అయ్యాక ఉపగ్రహం వెళ్ళిపోయింది. పల్లెల్లో సైట్ కార్యక్రమాలు ఆగిపోయాయి. పరిశోధకుల చేతిలో మాత్రం సరిగ్గా అన్ని రుతువుల కొలతలు మిగిలాయి. వాల్తేరు నుంచి పి.వి.ఎస్. రామారావు, ఆయన సహచరులు అక్కడి రోజువారీ, రుతువారీ ఎలక్ట్రాన్ల మొత్తం గురించి 1977లోనే పరిశోధన పత్రం ప్రచురించారు.

మనవైపు రుతువుల లెక్క ఏమిటంటే, ఎలక్ట్రాన్లు అత్యధికంగా ఉండేది వేసవిలోనూ కాదు, చలికాలంలోనూ కాదు. విషువత్తుల దగ్గర, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి. ఉగాది రోజుల్లోనూ, దసరా రోజుల్లోనూ అన్నమాట. సూర్యుడు మధ్యరేఖకి నేరుగా పైన ఉంటాడు, ఫౌంటెన్ జోరుగా పనిచేస్తుంది, ఒక అర్ధగోళం నుంచి ఇంకోదానికి గాలి తోపులాట తక్కువ. పైగా 1976 సూర్యుడి మచ్చలు బాగా తగ్గిన ఏడాది. ఒక్క ఏడాది చూస్తే రుతువులు తెలుస్తాయి గానీ, సూర్యుడి పదకొండేళ్ళ చక్రం తెలియదు. అందుకే ఈ పనిలో ఒక తరం మొదలుపెట్టింది ఇంకో తరం పూర్తిచేయాలి.

ఇదంతా ఇప్పుడు మనకెందుకు అంటారా? మీ జేబులో ఉన్న జీపీఎస్ కోసం. ఎలక్ట్రాన్ల మొత్తాన్ని కొలిచే యూనిట్ ఒకటుంది. చదరపు మీటరు మీద నిలువునా ఒకటి పక్కన పదహారు సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లుంటే ఒక యూనిట్. ఒక్కో యూనిట్‌కీ జీపీఎస్ దూరం లెక్కలో 16 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. మామూలు జీపీఎస్ ఈ తప్పుని క్లోబుచార్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంతో సరిచేస్తుంది. ప్రపంచం మొత్తానికీ ఎనిమిదే ఎనిమిది అంకెలు! ఉపగ్రహ సందేశంలో అంతకంటే చోటు లేక అలా కుదించారు. సగం తప్పు పోతుంది, సగం మిగులుతుంది. కారు నడపడానికి ఆ మిగిలిన సగంతో ఇబ్బంది లేదు. మబ్బుల్లోంచి రన్‌వే మీదికి దిగే విమానానికి మాత్రం అది చాలదు.

అమెరికాలో 2003లో మొదలైన వాస్ అనే వ్యవస్థ అయనావరణాన్ని 350 కిలోమీటర్ల ఎత్తులో ఒకే పల్చటి పెంకుగా ఊహించి దిద్దుబాట్లు పంపుతుంది. ఇక్కడి ఆకాశం నెమ్మది కనక సరిపోయింది. ఫౌంటెన్ కింద బతికే దేశానికి అది అచ్చంగా పనికిరాలేదు. భారతదేశం గగన్ అనే సొంత వ్యవస్థ కట్టుకునేటప్పుడు ముందుగా ఆకాశాన్ని కొలిచింది. దేశమంతటా 18 చోట్ల రిసీవర్లు పెట్టారు. 2004 మార్చి నుంచి 16 నెలల కొలతలని విశ్లేషించి 2006లో ప్రచురించినవాళ్ళలో ముందున్నది మళ్ళీ వాల్తేరు పి.వి.ఎస్. రామారావు గారే. ముప్పై ఏళ్ళ తర్వాత అదే మనిషి, అదే ప్రశ్న! మధ్యరేఖ దగ్గర తెల్లవారుజామున 5 యూనిట్లుండేది మధ్యాహ్నానికి 50 అవుతోందని, గుట్ట దగ్గర 90 దాకా పోతోందని తేల్చారు. అంటే సూర్యుడు నెమ్మదిగా ఉన్న ఏళ్ళలోనే ఒక మీటరు నుంచి 15 మీటర్ల దాకా తేడా. ఆ తర్వాత ఇస్రో ఒకే పెంకు కాకుండా పలు పొరలతో లెక్కగట్టే పద్ధతి తయారుచేసుకుంది. 2015లో విమానాలు దిగడానికి పనికొచ్చే స్థాయి ధ్రువీకరణ గగన్‌కి దక్కింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక విమానం దాని ఆధారంతో దిగింది కూడా.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2024 మే 10, శుక్రవారం. సూర్యుడి మీద పెద్ద పేలుళ్ళు జరిగి ఆకాశం అల్లకల్లోలమైన రోజు. మేముండే ఈ మిడ్‌వెస్ట్‌లో అది మొక్కజొన్న నాటే అదను. ట్రాక్టర్లు జీపీఎస్ మీద సెంటీమీటర్ల తేడాతో సాళ్ళు వేస్తాయి. ఆ రోజు నేను పనిచేస్తున్న ఒక క్లయింటు దగ్గరికి ఫిర్యాదులు వరదలా వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో బగ్ అని అందరూ అనుమానించారు. కోడ్‌లో ఏమీ లేదు, ఆకాశంలో ఉంది. అదను దాటితే పంట తగ్గుతుందని తెలిసిన రైతులు ట్రాక్టర్లు ఆపుకుని కూర్చున్నారు. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి కనక వాళ్ళ ఆదుర్దా నాకు బాగానే అర్థమైంది. పై పొర ఎలాంటిదో తెలుసుకోవడం ఎవరి పొట్ట మీద దెబ్బ పడకుండా కాపాడుతుందో కూడా ఆ రోజే అర్థమైంది.

ఈ చరిత్రలో నాకు నచ్చేది ఒకటే. వేసవి కంటే చలికాలంలో ఎక్కువ ఎలక్ట్రాన్లున్నాయన్నప్పుడు కొలిచినవాళ్ళు కొలతని దాచలేదు, సిద్ధాంతాన్నే మార్చుకున్నారు. ఇంకోచోట సరిపోయిన సూత్రం మనకి సరిపోలేదన్నప్పుడు ఆ సూత్రాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు, పద్దెనిమిది చోట్ల పరికరాలు పెట్టి మన ఆకాశాన్ని మనమే కొలుచుకున్నాం.

మీ ఇంట్లో బడి పిల్లలుంటే ఒక పని చేయించండి. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ అనే స్టేషన్ 5, 10, 15, 20 మెగాహెర్ట్జ్‌ల మీద రోజంతా టైము చెబుతూ ఉంటుంది. ఒక చిన్న షార్ట్‌వేవ్ రేడియో కొనిపెట్టి, వారానికోసారి ఒకే వేళకి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి, ఏది ఎంత బాగా వినబడిందో నోటుబుక్కులో రాయమనండి. సంక్రాంతికి మొదలుపెడితే ఉగాదికి తేడా కనబడుతుంది, దసరాకి ఇంకో తేడా. తాతగారో అమ్మమ్మగారో ఇంట్లో ఉంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టండి. ముల్లు ఎలా తిప్పాలో వాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు.